ఎనిమిదో పొట్టేలు

గోపాలయ్య క్రైస్తవుడై ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో ఆయన ప్రార్థన మందిరానికి ఇచ్చిన పొట్టేళ్లు ఏడు. ఏడింటిలో నాలుగింటిని వేలంపాటలో నేనే పాడుకున్నాను. అవి మా ఇంట్లో పలావైపోయాయి. కాబట్టి ఈ కథ చెప్పడానికి నాకు కొంత హక్కుంది.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో నా సూది పడని గొర్రె లేదు. జనం నన్ను డాక్టరనే పిలుస్తారు, నేనూ ఎప్పుడూ దిద్దలేదు. దేవుళ్లతో నాకు పేచీ లేదు. గుడికి పిలిస్తే గుడికి, చర్చికి పిలిస్తే చర్చికి, ఉరుసుకు పిలిస్తే ఉరుసుకు పోతాను. ఎక్కడైనా వెనక వరసలో కూర్చుంటాను, భోజనాలప్పుడు మాత్రం ముందు వరసకు వస్తాను. తామరాకు మీద నీటిబొట్టు అంటారే, నేను ఆ రకం మనిషినని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

గోపాలయ్య గొర్రెలకాపరి. తాతల నాటి నుంచీ అదే పని. కొడుకు శ్రీకృష్ణ ఇప్పుడు గొర్రెల పెంపకందారుల సంఘానికి ప్రెసిడెంటు. అలాంటి ఇంట్లో మనిషి ఏసుప్రభువును నమ్ముకున్నాడంటే ఊరు ఊరుకుంటుందా? రకరకాలుగా చెప్పుకున్నారు. మోకాళ్ల నొప్పులు తగ్గాయట, అందుకని పోయాడన్నారు కొందరు. భార్య దేవకమ్మ పోరు పడలేక పోయాడన్నారు ఇంకొందరు. అసలు సంగతి గోపాలయ్యకు తెలుసు, నాకూ తెలుసు. సోమశిలలో ఉన్న నారాయణయ్యకు అందరికంటే ఎక్కువ తెలుసు.

పదకొండేళ్ల కిందట జరిగింది అది. ఎండాకాలం వస్తే మా మెట్ట పల్లెల్లో మేత ఉండదు. మందలను తోలుకుని తూర్పున కాలవ కింది మాగాణులకు పోయి, తొలకరి పడ్డాక తిరిగొస్తారు. ఆ ఏడు గోపాలయ్య, నారాయణయ్య కలిసి పోయారు. ఇద్దరూ వరసకు బావాబామ్మర్దులు. మందలో నారాయణయ్య చెల్లెలు వెంకమ్మ గొర్రెలు కూడా ఏడు ఉన్నాయి. మొగుడు పోయిన మనిషి, ఆ ఏడింటి మీదే బతుకుతున్నది. అన్న చేతిలో పెట్టి పంపింది.

తిరిగొచ్చేటప్పుడు గోపాలయ్య గొర్రెలు ఏడు లారీ కింద పడ్డాయి. తెల్లవారుజామున ఆయన కునుకు తీస్తుంటే అవి రోడ్డెక్కాయి. ఇంటికి పోతే ఏం చెప్పాలి? నారాయణయ్య జ్వరంతో పడుకున్న రెండు రోజుల్లో గోపాలయ్య పని కానిచ్చేశాడు. మా వైపు ఒక్కో ఇంటి గొర్రెకు ఒక్కో చెవికోత గుర్తు ఉంటుంది. కుడిచెవి కొన దగ్గర చిన్న గాటు వెంకమ్మ ఇంటి గుర్తు. కుడిచెవి కొన మొత్తం తీసేస్తే గోపాలయ్య ఇంటి గుర్తు. రెండో కోత పడితే మొదటిది మాయమైపోతుంది. చెల్లెలి గొర్రెలను నారాయణయ్య దారిలో అమ్ముకున్నాడని ఊళ్లో మాట పుట్టడానికి ఒక్కరోజు కూడా పట్టలేదు.

పంచాయితీ పెట్టారు. పెద్దరైతు ఆదినారాయణగారు కూర్చున్నారు. "ఆ చెవులు చూడండయ్యా, కోత పచ్చిగా ఉండాది" అని నారాయణయ్య మొత్తుకున్నాడు. నన్ను పిలిపించారు. నేను ఏడు చెవులూ పట్టుకుని చూశాను. వారం పది రోజుల కోత అది. అంచు ఇంకా ఎర్రగా ఉంది, ఒకదానికి పురుగు కూడా పట్టింది. పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. ఆదినారాయణగారు "ఏం డాక్టరూ?" అన్నారు. "ఎప్పటి కోతో చెప్పలేమండీ" అన్నాను.

తర్వాత గోపాలయ్య అంకమ్మ గుడిముందు కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పాడు. మా దగ్గర అంతకు మించిన ప్రమాణం లేదు. అబద్ధమాడి ఆర్పినవాడి ఇల్లు ఏడాది తిరిగేలోగా ఆరిపోతుందంటారు. ఇంక అడిగేదేముంది? నారాయణయ్యను సంఘంలోంచి తీసేశారు. వెంకమ్మ అందరి ముందూ "నాకు అన్న లేడు" అన్నది. ఆయన పెళ్లాన్ని వెంటబెట్టుకుని సోమశిల పోయి, చేపలు పట్టేవాళ్ల పంచన చేరాడు.

మరుసటి వానాకాలంలో మూతివాపు రోగం వచ్చి గోపాలయ్య మందలో సగం పోయాయి. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ వచ్చిన రోగమే అది. ఏ ప్రమాణమూ చేయనివాళ్ల గొర్రెలు కూడా చచ్చాయి. ఆ మాట చెప్పినా ఆయన చెవికెక్కలేదు. నిద్ర పోయింది, తిండి పోయింది. గోపికకు, అంటే ఆయన మనవరాలికి, తుమ్ము వచ్చినా కర్పూరమే గుర్తొచ్చేది. అలా ఏడాదిన్నర గడిచాక ఒకనాడు కృపారాణి మందిరం దగ్గర మైకులో ఒక మాట విన్నాడు. ఎంత పాపమైనా ఏసు రక్తం కడిగేస్తుందట. పోయి వెనక నిలబడ్డాడు. ఆర్నెల్లకు సోమశిల నీళ్లలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ నీళ్లలోనే, ఇంకాస్త దూరంలో, నారాయణయ్య పుట్టి పడవ వేసుకుని వలలు తీస్తుంటాడు. ఆయన దాకా మాత్రం పోలేదు.

కృపారాణి పాస్టరుగారి భార్య. ఆయన చనిపోయాక మందిరం ఆమే నడుపుతున్నది. నోరు మంచిది, చెయ్యి పొదుపు. ఏటా ఆమె కోతపండుగ చేస్తుంది. మా మెట్టలో కోతలెప్పుడో దేవుడికే తెలియదు కాబట్టి, ఆమెకు వీలైన ఆదివారమే కోతపండుగ. విశ్వాసులు గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం, కొత్త చీరలు తెస్తారు. ప్రార్థన అయ్యాక వేలం వేస్తారు. గోపాలయ్య పొట్టేలు వచ్చిన మొదటి ఏడు జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అది ఆనవాయితీ అయింది. మందిరానికి రేకులు పడ్డాయి, సిమెంటు గచ్చు పడింది, ఫ్యాన్లు వచ్చాయి.

ఈ ఏడాది కోతపండుగ రోజు తెల్లవారినప్పటి నుంచి ముసురు. నేను పొట్టేలు మీద కన్నేసి కాస్త ముందే పోయాను. లోపల పాటలు మొదలయ్యాయి. మందిరం వెనక గోపాలయ్య చేతిలో చెంబు పట్టుకుని, పొట్టేలు ఎదురుగా గొంతు కూర్చుని ఉన్నాడు. పొట్టేలు వీపు మీద నీళ్లు పోస్తాడు, కళ్లు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అంటాడు, కళ్లు తెరిచి చూస్తాడు. అది నెమరు వేస్తుంటుంది. మళ్లీ పోస్తాడు.

నాకు అర్థమైంది. అమ్మవారికి పొట్టేలును ఇచ్చేటప్పుడు చేసే పని అది. వీపు మీద పసుపునీళ్లు పోసి నిలబడతారు. అది ఒళ్లు విదిలించుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టు, విదిలించుకోకపోతే కోపం తీరనట్టు. గోపాలయ్య పసుపు మాత్రం మానేశాడు. తక్కినదంతా అలాగే ఉంది.

"డాక్టరయ్యా, దీనికేమన్నా జబ్బా? విదిలించుకోకుండా ఉండాది" అన్నాడు నన్ను చూసి.

"పొద్దున్నుంచి వానలో తడస్తా ఉండాది, నీ చెంబునీళ్లు దానికో లెక్కా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇంతలో లోపల పాట ఆగింది, ఈయన కోసం వెతుక్కుంటూ కృపారాణి వెనక్కి వచ్చింది.

"ఏం చేస్తా ఉండావు గోపాలన్నా?"

"ఒప్పుకోవడం లేదమ్మా."

"ఎవురు?"

"ప్రభువమ్మా. ఏడేళ్లూ ఒక్క చెంబుకే ఒప్పుకున్నాడు. ఈసారి ఆరు చెంబులు పోసినాను."

ఆమెకు సంగతి తెలియడానికి కాస్త సమయం పట్టింది. తెలిశాక మొహం పాలిపోయింది. "ఏడేళ్లూ పోసినావా?"

"మీకు కనపడకుండా పోసినాను."

"దేనికిస్తా ఉండావన్నా ఈ పొట్టేళ్లు?"

"పాపానికమ్మా." అని, చెంబు కింద పెట్టి, ఎన్నాళ్లనుంచో నాలుక చివర ఉన్న మాట అడిగేశాడు. "ఇంకా ఎన్నేళ్లు ఇయ్యాలమ్మా? మీరు చెప్పినారంటే అన్నీ ఒక్కసారే తోలుకొస్తా."

కృపారాణి అక్కడే తడిసిన బండ మీద కూలబడింది. తల ఎత్తి మందిరం రేకుల వంక చూసింది. ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆమె చెప్పేది ఒకటే మాట. నాకే కంఠతా వచ్చు. మనిషి పాపానికి బలి ఒక్కటే, అది సిలువ మీద ఒక్కసారే జరిగిపోయింది, ఇంకొకటి అక్కర్లేదు. ఆ మాట చెప్పిన నోటితోనే ఏటా "గోపాలన్న పొట్టేలు, పాట మొదలెట్టండి" అన్నది. చెప్పినామె అడగలేదు, విన్నాయన నోరు విప్పలేదు. కొన్న నేను తిన్నాను.

"తప్పు నాదన్నా" అన్నది ఆమె. "నోటితో ఒకటి చెప్పినా, చేత్తో ఒకటి తీసుకున్నా. ఈ పొట్టేలు నాకొద్దు. తోలుకుపో."

గోపాలయ్య ఒక అడుగు ముందుకొచ్చాడు. "అంటే వద్దన్నాడా? నన్ను ఒదిలేసినాడా?"

"నిన్ను ఒదల్లేదు. పొట్టేలు వద్దన్నాడు. నీ పాపానికి చావాల్సినాయన చచ్చి లేచినాడు. అది అయిపోయిన పని. నువ్వు నమ్మిన రోజే నీకు అయిపోయింది. మళ్లీ మళ్లీ పొట్టేళ్లు తోలుకొస్తే ఆయన చేసింది చాల్లేదని చెప్పినట్టు."

"అయితే నేను చెయ్యాల్సింది ఏమీ లేదా?"

"పాపం పోయేదానికి ఏమీ లేదు. అది పోయినోడి మాదిరి బతికేదానికి ఉండాది." ఆమె లేచి ఆయన ఎదురుగా నిలబడింది. "అది ఏం పాపమో నేను అడగను. కానీ అది ఇంకా నీ చేత చెంబు పట్టిస్తా ఉండాదే. విడిపించినాయన ఒకరు, నువ్వు భయపడి చాకిరీ చేసేది ఇంకొకరికి. దాచినన్నాళ్లూ అంతే అన్నా."

వానలో నిలబడి ఆయన అంతా చెప్పాడు. చెవికోతలు, కర్పూరం, వెంకమ్మ. నేను అక్కడే ఉన్నానని కూడా చూడలేదు. చెప్పేటప్పుడు నా పేరు ఎత్తలేదు. "డాక్టరు తెలియదన్నాడు" అని మాత్రం అన్నాడు. ఎనిమిదో పొట్టేలు ఆ రోజు వేలానికి రాలేదు. నేను ఒక గుమ్మడికాయ కొనుక్కుని ఇంటికి పోయాను.

మరుసటి మంగళవారం గోపాలయ్య, కృపారాణి ఇద్దరూ మా ఇంటికొచ్చారు. సోమశిల పోతారట, నారాయణయ్య ఉండే చోటు నాకు తెలుసు కాబట్టి రమ్మన్నారు. ఎందుకు పోయానో నిజం చెప్పేస్తాను. చోద్యం చూడటానికి పోయాను. ఆత్మకూరులో బస్సు మారి పదిన్నరకు దిగాం.

నారాయణయ్య ఒడ్డున కూర్చుని చిరిగిన వలకు ముళ్లు వేస్తున్నాడు. గెడ్డం నెరిసిపోయింది. గొర్రెలకాపరి చేతులు నీళ్ల పనికి అలవాటు పడవు. వేళ్ల సందులన్నీ ఒరిసిపోయి ఉన్నాయి. గోపాలయ్య ఆయన ముందు ఇసకలో కూర్చుని ఏదీ మింగకుండా చెప్పాడు. నారాయణయ్య వల కిందపెట్టలేదు.

"నాకు తెలుసు బావా" అన్నాడు అంతా అయ్యాక. "కర్పూరం ఆర్పేటప్పుడు నీ మొహం చూసినాను. నాకు తెలిసిందే నాకొచ్చి చెప్తివి."

నారాయణయ్య ఇంకో ముడి వేశాడు.

"మీ దేవుడు క్షమించినాడా నిన్ను?"

"క్షమించినాడు."

"మరింక నాతో ఏం పని?"

"క్షమించినాడు గాబట్టే రాగలిగినా నారాయణా. ఇంతకుముందు ఇటేపు తలకాయ తిప్పడానికే భయం."

నారాయణయ్య ముడి పళ్లతో బిగించి దారం తెంపాడు. "నా ముందర చెప్తే నాకేం ఒరగదు. ఆ రోజు కూర్చున్నోళ్లు ఇంకా బతికే ఉండారు. మా చెల్లెలు బతికే ఉండాది. ఆడ చెప్పు."

పంచాయితీ ముందు చెబితే ఏమవుతుందో గోపాలయ్యకు తెలియంది కాదు. కొడుకు ప్రెసిడెంటు. "వీడి నాయన విధవరాలి గొర్రెలు కొట్టేశాడు" అనే మాట రేపటి నుంచి సంఘంలో తిరుగుతుంది. ఇంట్లో చెబితే శ్రీకృష్ణ అంతెత్తు లేచాడని, "పదకొండేళ్ల నాటి పీనుగను ఇప్పుడు తవ్వుతావా నాయనా?" అని అరిచాడని దేవకమ్మ ద్వారా తెలిసింది. గోపాలయ్య ఆగలేదు.

శనివారం పొద్దున పాల సెంటరు వసారాలో అందరూ చేరారు. ఆదినారాయణగారు కుర్చీలో కూర్చున్నారు. నారాయణయ్య వచ్చి రోడ్డు మీదే నిలబడ్డాడు, వసారా ఎక్కలేదు. వెంకమ్మ ఆడవాళ్లలో ఎక్కడో వెనక ఉంది. కృపారాణి ఒక మూల నిలబడి ఉంది. గోపాలయ్య పైపంచె నడుముకు చుట్టుకుని ముందుకొచ్చి, "వెంకమ్మ గొర్రెలు ఏడూ నేనే కొట్టేసినాను. చెవులు నేనే కోసినాను. కర్పూరం అబద్ధంగా ఆర్పినాను. నారాయణకు ఏ పాపమూ తెలీదు" అన్నాడు. అంతే, అంతకు మించి ఒక్క ముక్క లేదు.

తర్వాత ఆదినారాయణగారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, పెద్దమనిషి అంతే. తాను ఇచ్చిన తీర్పు తప్పని పదిమంది ముందు తేలడం ఆయనకు ఇష్టం లేదు. శ్రీకృష్ణ మొహం చూసి జాలి కూడా పడ్డట్టున్నారు.

"గోపాలయ్యకు వయసైపోయింది. ఈ ప్రార్థనల్లో చేరినాక పాపం పాపం అని మనసు చెదిరిపోయింది. చెయ్యనివి కూడా చేసినట్టు తోస్తాయి" అన్నారు. "ఆ రోజు డాక్టరును పిలిపించి చూపించినాం గదా. ఆయనే చెప్పలేనన్నాడు. చదువుకున్నోడికి తెలియంది ఇప్పుడు ఈయన మాట పట్టుకుని మార్చేస్తామా?"

వసారాలో తలలు ఊగాయి. అందరికీ బాగుంది ఆ మాట. శ్రీకృష్ణ ఊపిరి తీసుకున్నాడు. గోపాలయ్య మాత్రం నీళ్లలో మునిగేవాడిలా చుట్టూ చూశాడు. పదకొండేళ్లకు నిజం చెబితే నమ్మడానికి మనిషి లేడు. రోడ్డు మీద నారాయణయ్య అప్పుడే వెనక్కి తిరిగాడు.

నేను వసారా స్తంభానికి ఆనుకుని ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. నోరు మూసుకుంటే సరిపోతుంది, అది నాకు బాగా చేతనైన పని. కానీ గోపాలయ్య వెతుకుతూ వెతుకుతూ నా మొహం దగ్గర ఆగాడు.

"తెలిసింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ రోజే తెలిసింది. వారం నాటి కోత. పురుగు పట్టి ఉండాది. తెలిసి కూడా చెప్పలేనన్నాను."

ఆదినారాయణగారు నా వంక చాలాసేపు చూసి తల దించుకున్నారు. శ్రీకృష్ణ లేచి వెళ్లిపోయాడు. ఎవరో "అయితే తప్పు కట్టించండి. ఒక పొట్టేలు కోసి కులానికి పెడితే సరిపోతాది" అన్నారు.

"వెంకమ్మవి ఏడు గొర్రెలు, వాటికి పుట్టినవి ఎన్నుంటే అన్ని, సాయంత్రానికి ఆమె దొడ్లో ఉంటాయి" అన్నాడు గోపాలయ్య. "అవి ఆమె సొత్తు. కానీ తప్పుకు పొట్టేలు ఇయ్యను. ఆ పని నాకోసం ఒకాయన చేసేసినాడు. మీరు ఎలేస్తే ఎలెయ్యండి." గోపాలయ్య అంత తిన్నగా నిలబడి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆయన్ని చూసి నాకు అసూయ కలిగింది.

వెలివేశారా లేదా అన్నది తేలనే లేదు. ఆ గోలలో వెంకమ్మ జనాన్ని తోసుకుని రోడ్డు మీదికి పోయింది. అన్న ముందు నిలబడి ఏదో అనబోయి అనలేక, ఆయన చేతిలోని సంచి లాక్కుని ఇంటివైపు నడిచింది. నారాయణయ్య ఆమె వెనకే నాలుగు అడుగులు వేసి, ఆగి, నా దగ్గరకు తిరిగొచ్చాడు.

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన మామూలుగానే అడిగాడు.

"మా బావకు గొర్రెలు పోయినాయి, పెళ్లాం తిడతాదని భయం, దాంతో చేసినాడు. అది నాకు అర్థమయింది. నువ్వు దేనికి అట్లా చెప్పినావయ్యా?"

నేను ఆలోచించాను. నాకెవరూ గొర్రెను ఇవ్వలేదు. ఎవరూ బెదిరించలేదు. ఎవరి మీదా కోపం లేదు. ఆ రోజు అక్కడ ఎవరూ నాకు టీ కూడా ఇప్పించలేదు. నారాయణయ్య సమాధానం కోసం నిలబడే ఉన్నాడు, అవతల వెంకమ్మ "అన్నా" అని పిలుస్తున్నది.

"ఊరికే" అన్నాను.